మడ్డి అంటే ఏ మడ్డి? చెరకు మిల్లులో, డిస్టిలరీలో మిగిలేవాటి పేర్ల చిక్కు

చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో "ఒక లోడు మడ్డి కావాలి" అంటే, ఆ మాట అన్నది ఎవరన్నదాన్ని బట్టి వచ్చే సరుకు మారిపోతుంది. పొలానికి ఎరువు తోలించుకునే రైతుకు మడ్డి అంటే ప్రెస్‌మడ్: నల్లగా, తడిగా, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దయ్యే పదార్థం. పాడి పశువులకు దాణా కలిపేవారికి మడ్డి అంటే మొలాసిస్, ముదురు పాకంలా సాగే ద్రవం. కల్లు గీసేవారికి కుండ అడుగున తెల్లగా దిగే ఈస్టు మడ్డి. డిస్టిలరీ కార్మికులకు ట్యాంకు అడుగున పేరుకునే బురద మడ్డి. మొదటిది నేలకు బలం. రెండోది పశువుకు మేత. నాలుగోదాన్ని ఎత్తడానికి జాగ్రత్త లేకుండా ట్యాంకులోకి దిగితే ప్రాణం పోతుంది. వీటన్నిటికీ ఒకే పేరు ఉండటం చిన్న ఇబ్బందేమీ కాదు. ధర, మోతాదు, పన్ను, పర్మిట్ అన్నీ అది ఏ మడ్డి అన్నదాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చూడాలంటే ముందు బెల్లం పెనం దగ్గరికి వెళ్లాలి. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేచోట మూడు మాటలతో పని జరిగిపోతుంది. గానుగలో రసం పిండగా మిగిలింది పిప్పి. పెనంలో రసం కాగేటప్పుడు పైకి తేలేది తెట్టు. నిలవ ఉంచితే అడుగుకు దిగేది మడ్డి. ఈ మాటలు పదార్థం ఏమిటో చెప్పవు, అది ఎలా విడిపోయిందో చెబుతాయి: పిండితే మిగిలింది, తేలింది, దిగింది. బెల్లం వంటకు ఇవి చాలు, ఎందుకంటే అక్కడ మొలాసిస్ అనేదే పుట్టదు. చక్కెర, లవణాలు, రంగు అంతా కలిసి ఒకే దిమ్మగా గడ్డకడతాయి.

చక్కెర గింజను విడిగా తీసినప్పుడే మొలాసిస్ పుడుతుంది. ఫ్యాక్టరీలో గింజ కట్టిన పాకాన్ని సెంట్రిఫ్యూగల్ యంత్రంలో గిరగిరా తిప్పితే గింజ లోపల నిలుస్తుంది, ద్రవం జాలీలోంచి బయటికి చిమ్ముతుంది. అది పిండింది కాదు, తేలింది కాదు, దిగిందీ కాదు. బెల్లం పొయ్యి దగ్గర పుట్టిన మాటల్లో దానికి సరిపోయేది లేకపోయింది. అందుకని మడ్డి అనే మాటనే దానికీ తగిలించాం.

టన్ను చెరకులోంచి ఏమేం రాలతాయి

లెక్క కోసం టన్ను చెరకు తీసుకుందాం. మన మిల్లుల్లో సుమారుగా 280 నుంచి 300 కిలోల పిప్పి, 30 నుంచి 40 కిలోల ప్రెస్‌మడ్, 40 నుంచి 45 కిలోల ఆఖరి మొలాసిస్, 95 నుంచి 110 కిలోల చక్కెర వస్తాయి. ఇవి కూడితే వెయ్యి రాదు. మిగిలిందంతా నీరు, అది ఆవిరిగా వెళ్లిపోతుంది.

"పీల్చి పిప్పి చేయడం" అన్న నానుడి మనకుంది గానీ, మిల్లు పిప్పిలో ఇంకా సారం ఉంటుంది. బరువులో సగం నీరు, 2 శాతం దాకా చక్కెర, మిగతాది పీచు. చెరకులో పీచు 14 శాతం అనుకుంటే టన్నుకు 140 కిలోలు. పిప్పిలో పీచు వాటా 48 శాతం కాబట్టి 140ని 0.48తో భాగిస్తే 290 కిలోలు. టన్నుకు 290 కిలోల పిప్పి అన్న లెక్క ఇలా వస్తుంది. పీచు ఎక్కువుండే రకం నరికితే పిప్పి పెరుగుతుంది, దాన్ని అంటుకుపోయే చక్కెర కూడా పెరుగుతుంది. ఆ నష్టం తగ్గించడానికే చివరి మిల్లుల దగ్గర పిప్పి మీద వేడినీళ్లు చల్లుతారు. నీళ్లు తక్కువైతే చక్కెర పిప్పిలో పోతుంది. ఎక్కువైతే ఆ నీటిని మళ్లీ మరిగించడానికి ఆవిరి ఖర్చు.

బాయిలర్‌లో కాల్చేందుకు పిప్పి విలువను దాని తేమే నిర్ణయిస్తుంది. 50 శాతం తేమ ఉన్న పిప్పి కిలోకు దాదాపు 2,270 కిలో క్యాలరీలు ఇస్తుంది. ఒక కిలో పిప్పి కాలితే రెండు కిలోలకు పైగా ఆవిరి వస్తుంది. గుట్టగా పోసి వదిలేస్తే మిగిలిన చక్కెర పులుస్తుంది, గుట్ట నడుమ వేడెక్కుతుంది, ఒక్కోసారి తనంతట తానే అంటుకుంటుంది. పాత ఎండు పిప్పి మీద పెరిగే సూక్ష్మజీవుల దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆ జబ్బుకు బగసోసిస్ అన్న పేరు వచ్చింది ఈ పిప్పి వల్లే. పేర్చే కూలీలకు మాస్కులు ఇవ్వాలన్నది అందుకే.

పిప్పిలోనూ మరో మాట దాగి ఉంది. కాగితం తయారీకి పీచు కావాలి, లోపలి మెత్తటి బెండు పనికిరాదు. తమిళనాడులో కరూర్ దగ్గరున్న తమిళనాడు న్యూస్‌ప్రింట్ అండ్ పేపర్స్ లాంటి మిల్లులు పిప్పిని తీసుకుని బెండును వేరుచేసి పీచునే వాడతాయి, బెండు తిరిగి బాయిలర్‌లోకి పోతుంది. ఫ్యాక్టరీ కాగితాల్లో కనిపించే "బగాసిల్లో" ఇంకొకటి. అది పిప్పిలోంచి జల్లించిన సన్న నలుసు. ప్రెస్‌మడ్ వడకట్టడానికి దాన్ని కలుపుతారు, లేకపోతే బురద జల్లెడకు పట్టేసి రసం దిగదు.

నిన్నటి తెట్టు, నేటి మడ్డి

మన దేశంలో ఎక్కువ మిల్లులు నడిచేది సల్ఫిటేషన్ పద్ధతిలో. రసాన్ని 70 నుంచి 75 డిగ్రీలకు వేడిచేసి, సున్నపు పాలు కలిపి, గంధకం పొగ పట్టించి పీహెచ్‌ను 7 దగ్గరికి తెస్తారు. మళ్లీ 102 డిగ్రీల దాకా కాచి క్లారిఫయర్‌లో నిలకడగా ఉంచుతారు. మట్టి, మైనం, మాంసకృత్తులు, కాల్షియం లవణాలు ముద్దలై అడుగుకు దిగుతాయి. ఆ బురదను తిరిగే డ్రమ్ము మీద వాక్యూమ్‌తో పీల్చి రసాన్ని వెనక్కి తీసుకుంటారు. డ్రమ్ము నుంచి కత్తి గీకి పడేసే పొరే ప్రెస్‌మడ్. ఇప్పుడక్కడ ప్రెస్ లేదు. ఒకప్పుడు గుడ్డ పలకల మధ్య నొక్కి వడకట్టేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. కొత్త ఫ్యాక్టరీల్లో ఫిల్టర్ కేక్ అంటున్నారు, వస్తువు అదే.

ఇతర చోట్ల దీనికున్న పేర్లు చూస్తే ఒక ముచ్చట బయటపడుతుంది. చెరకు తోటల కోసం వలస వెళ్లిన తెలుగు కూలీల వారసులు నేటికీ ఉన్న మారిషస్‌లో దీన్ని ఎక్యూమ్ అంటారు. ఫ్రెంచిలో అంటే నురగ, తెట్టు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో కచాసా అంటారు, అదీ తెట్టే. బ్రెజిల్‌లో చెరకు సారాకు కచాసా అన్న పేరు రావడానికి ఆ తెట్టే మూలమని చెబుతారు. మనం అడుగున దిగింది అంటున్నదాన్ని వాళ్లు పైకి తేలింది అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే. తెరిచిన పెనంలో కాచినప్పుడు ఆ మురికి నురగతోపాటు పైకి తేలేది, గరిటెతో తీసేవారు. క్లారిఫయర్ వచ్చాక అదే మురికిని అడుగుకు దించుతున్నారు.

రైతుకు పనికొచ్చే సంగతి ఇది. లారీలో వచ్చే ప్రెస్‌మడ్‌లో 70 శాతం దాకా నీరే. 10 టన్నుల లోడంటే 3 టన్నుల అసలు సరుకు. పొడి బరువు మీద నత్రజని 1.5 శాతం, భాస్వరం 2.5 శాతం అనుకుంటే ఆ లోడులో 45 కిలోల నత్రజని, 75 కిలోల భాస్వరం ఉంటాయి. అంటే సుమారు రెండు బస్తాల యూరియాలో ఉండే నత్రజని, మూడు బస్తాల డీఏపీలో ఉండే భాస్వరం. అయితే ఇవి బస్తా ఎరువులా వెంటనే అందవు, మెల్లగా విడుదలవుతాయి. లోడు రేటు, కిరాయి కలిపి ఈ లెక్కతో పోల్చుకుంటే ఎంత దూరం నుంచి తెచ్చుకోవచ్చో తేలిపోతుంది.

పచ్చి మడ్డిని నేరుగా చేలో చల్లితే మూడు తప్పులు జరుగుతాయి. గుట్టగా ఉన్నప్పుడు లోపల 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, మొలక దగ్గర పడితే వేరు మాడుతుంది. అందులోని మైనం నేల మీద పొరలా పరుచుకుని నీటిని లోపలికి దిగనివ్వదు. కుళ్లించే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకుంటాయి కాబట్టి పైరు కొన్ని వారాలు పసుపురంగుకు తిరుగుతుంది. అందుకే వారానికోసారి తిరగేస్తూ, తడి ఆరకుండా చూస్తూ 45 నుంచి 60 రోజులు మాగనివ్వాలి. వేడి తగ్గి, వాసన పోయి, చేతిలో పొడిలా రాలితే అది సిద్ధమైనట్టు. మాగినదాన్ని ఎకరాకు 2 నుంచి 4 టన్నులు ఆఖరి దుక్కిలో వేసుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని చెప్పేవారు తక్కువ. కొన్ని ఫ్యాక్టరీలు కార్బొనేషన్ పద్ధతిలో రసాన్ని శుద్ధి చేస్తాయి. అక్కడ సున్నం చాలా ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ మడ్డి నిండా సున్నపురాయి పొడే. పుల్ల (ఆమ్ల) నేలలకు అది మందు. ఇప్పటికే సున్నం ఉన్న నల్లరేగడిలో వేస్తే భాస్వరం, జింకు, ఇనుము పైరుకు అందకుండా కట్టుబడిపోతాయి. రెండు మడ్డుల పేరూ ఒకటే. కొనేముందు మిల్లు ఏ పద్ధతిదో అడగకపోతే తేడా తెలియదు.

ఈమధ్య ప్రెస్‌మడ్‌ను గ్యాసు ప్లాంట్లు కొంటున్నాయి. సుమారు 25 టన్నుల మడ్డికి టన్ను కంప్రెస్డ్ బయోగ్యాస్ వస్తుంది. గ్యాసు తీశాక మిగిలిన దాన్ని కూడా మళ్లీ మడ్డి పేరుతోనే అమ్మడం సరికాదు. అందులో పోషకాలు ఉంటాయి గానీ కుళ్లే పదార్థం చాలావరకు గ్యాసుగా వెళ్లిపోయి ఉంటుంది.

మొలాసిస్‌లో ఏ, బీ, సీ

చిక్కటి రసాన్ని పాన్‌లో ఉడికించి గింజ కట్టిస్తారు. గింజ, ద్రవం కలిసి ఉన్న ఆ ముద్దను మాస్‌క్విట్ అంటారు, ఫ్రెంచిలో ఉడికిన ముద్ద అని అర్థం. మొదటిసారి గింజ తీయగా మిగిలిన ద్రవం ఏ-మొలాసిస్. దాన్ని మళ్లీ ఉడికించి తీయగా మిగిలింది బీ, మూడోసారి తీయగా మిగిలింది సీ. కరిగి ఉన్న ఘనపదార్థంలో చక్కెర వాటాను ప్యూరిటీ అంటారు. మొదటి రసంలో 80కి పైన ఉండే ఆ అంకె ఏలో 70 దగ్గరికి, బీలో 50కి, సీలో 30కి దిగుతుంది. సీలోనూ చక్కెర ఉంది. కానీ పొటాషియం లాంటి లవణాలు దాన్ని గింజ కట్టనివ్వవు, చిక్కదనం విపరీతంగా పెరుగుతుంది, అక్కడితో ఆపేయడమే లాభం. ఈ పొటాషియాన్ని గుర్తుపెట్టుకోండి. చేను నుంచి చెరకులోకి వచ్చిన ఆ లవణం చక్కెర గింజలోకి పోదు, ఆవిరీ కాదు. చివరిదాకా మనతోనే నడుస్తుంది.

డిస్టిలరీ లెక్కలో బీ-హెవీ (బీ మొలాసిస్), సీ-హెవీ (సీ మొలాసిస్) అన్న మాటలు కోట్ల రూపాయల తేడా. సీ-హెవీ టన్నుకు 220 నుంచి 250 లీటర్ల ఆల్కహాల్ వస్తే, బీ-హెవీకి 300 దాకా వస్తుంది. బీ దగ్గరే ఆపితే మొలాసిస్ ఎక్కువ, చక్కెర తక్కువ: టన్ను చెరకుకు సుమారు 15 కిలోల చక్కెర తగ్గి, ఇథనాల్ 10 లీటర్ల నుంచి 20 లీటర్ల దగ్గరికి చేరుతుంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం బీ-హెవీకి, చెరకు రసానికి దారి తెరిచింది. చక్కెర కొరత భయంతో 2023 డిసెంబర్ 7న కేంద్రం రసం, సిరప్ (చిక్కబెట్టిన రసం) నుంచి ఇథనాల్ తీయొద్దంది, బీ-హెవీకి అప్పటికే ఉన్న ఆఫర్ల మేరకు సరఫరా కొనసాగించమంది. వారం తిరగ్గానే 17 లక్షల టన్నులకు మించి చక్కెర ఇథనాల్‌కు మళ్లకూడదన్న పరిమితితో రెండిటినీ అనుమతించింది. ఆ వారం రోజులూ ఒక ట్యాంకులో ఉన్నది సిరప్పా, బీ-హెవీయా అన్నదే ఫ్యాక్టరీల భవిష్యత్తు.

బీ-హెవీ తీస్తే రైతు చూసే రికవరీ అంకె (చెరకు బరువులో చక్కెరగా వచ్చే శాతం) కూడా తగ్గి కనిపిస్తుంది. చెరకు ధర రికవరీతో ముడిపడి ఉంది. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. ఇథనాల్‌కు మళ్లించిన చక్కెరను తిరిగి కలిపి లెక్కగట్టాలన్నది నియమం. రైతు సంఘాలు రికవరీ పట్టీ చూసేటప్పుడు ఆ కలిపిన అంకె ఉందో లేదో చూడాలి.

మొలాసిస్‌ను నల్లబెల్లం అని తర్జుమా చేయడం మరో పొరపాటు. నల్లబెల్లం బెల్లమే, గింజ తీయనిది. మొలాసిస్ గింజ తీసేసింది. పశువైద్య కరపత్రాల్లోని బెల్లపు మడ్డి మాత్రం మొలాసిసే. దాణాలో దాన్ని 10 శాతానికి మించనివ్వకూడదు. ఎక్కువైతే పొటాషియం వల్ల పేడ పలచబడుతుంది, కడుపులో పులుపు పెరిగి మేత తినదు. యూరియా కలిపిన మొలాసిస్ దిమ్మల్ని నాకడానికే పెట్టాలి. నీళ్లలో కరిగించి తాగిస్తే యూరియా విషమై పశువు గంటల్లో చనిపోతుంది.

నిలవలోనూ ప్రమాదాలున్నాయి. మొలాసిస్ లీటరు 1.4 కిలోలు తూగుతుంది కాబట్టి నీళ్ల ట్యాంకులో పోస్తే గోడలు ఆపలేవు. 1919 జనవరి 15న అమెరికాలోని బోస్టన్‌లో ఒక పెద్ద ట్యాంకు పగిలి 21 మంది చనిపోయారు. 40 డిగ్రీలు దాటకుండా చూడాలి. దాటితే నురగ కక్కుతుంది, లోపల చక్కెర, అమైనో ఆమ్లాలు తమలో తాము చర్య జరుపుకుని వేడి ఇంకా పెంచుతాయి, చివరికి ట్యాంకులోనే బొగ్గయిపోతుంది. అందుకే పంపుతో తిప్పుతూ, బయట గోడ మీద నీళ్లు చల్లుతూ ఉంటారు. ఆ నీరు గానీ, వాన గానీ లోపలికి దిగకూడదు. పైపొర పలచబడితే అక్కడ పులుపు మొదలవుతుంది.

పన్ను చూడండి. మొలాసిస్ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2023 అక్టోబర్‌లో 5 శాతానికి తగ్గించారు. 2024 జనవరిలో ఎగుమతి మీద 50 శాతం సుంకం వేశారు.

ఊట అయిపోయాక

పులిసిన ద్రవానికి మాత్రం మన భాషలో చక్కని మాట ఉంది: ఊట. నాటుసారా దాడుల వార్తల్లో "బెల్లపు ఊట ధ్వంసం" అని చదువుతుంటాం. డిస్టిలరీలో దాన్నే వాష్ అంటారు. మొలాసిస్‌కు నీళ్లు కలిపి, ఈస్టు వేసి, 30 నుంచి 33 డిగ్రీల్లో ఒకటిన్నర రోజు దాకా పులియనిస్తే 8 నుంచి 10 శాతం ఆల్కహాల్ ఉన్న వాష్ తయారవుతుంది. దాన్ని కాచి ఆల్కహాల్ తీశాక మిగిలేదే స్పెంట్ వాష్, అంటే సారం తీసిన ఊట. ఎంత మిగులుతుందో ఆ శాతమే చెబుతుంది. 9 శాతం ఆల్కహాల్ అయితే 100 లీటర్ల ఊటలో 9 లీటర్ల సరుకు, 91 లీటర్ల మిగులు. లీటరు ఆల్కహాల్‌కు పది లీటర్ల స్పెంట్ వాష్. పాత ప్లాంట్లలో ఇది 15 దాకా ఉంటుంది.

ఈ ఒక్క పదార్థానికి ప్రపంచంలో ఉన్నన్ని పేర్లు మరిదేనికీ లేవేమో. ఫ్రెంచిలో వినాస్, బ్రెజిల్‌లో వినాసా, అమెరికాలో స్టిలేజ్ లేదా స్లాప్, జమైకా రమ్ తయారీలో డండర్. స్కాట్లండ్ విస్కీలో మొదటి కాపులో మిగిలింది పాట్ ఏల్, రెండో కాపులో మిగిలింది స్పెంట్ లీస్. ఈ చివరి జంటను మన దగ్గర తప్పక వేరుచేయాలి. మన డిస్టిలరీల్లోనూ స్పెంట్ లీస్ ఉంటుంది. శుద్ధి చేసే కాలమ్ అడుగున వచ్చే దాదాపు రంగులేని నీరది, తిరిగి వాడుకోవచ్చు. స్పెంట్ వాష్ చిక్కటి గోధుమరంగు ఆమ్ల ద్రవం. రెండిటినీ "వ్యర్థ జలం" అని రాసేస్తే తనిఖీ నివేదిక చదివినవారికి ఏదీ అర్థం కాదు.

దాని బలం ఎంతో ఒక లెక్కలో చూద్దాం. బీఓడీ అంటే నీటిలోని మురికిని కుళ్లించడానికి ఖర్చయ్యే ప్రాణవాయువు. స్పెంట్ వాష్‌లో అది లీటరుకు 40,000 నుంచి 50,000 మిల్లీగ్రాములు. ఊరి మురుగునీటిలో 200 నుంచి 300. మన వేసవి వేడికి శుభ్రమైన చెరువు నీటిలో లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువే కరిగి ఉంటుంది. 45,000ను దానితో భాగిస్తే 6,000. ఒక్క లీటరు స్పెంట్ వాష్ 6,000 లీటర్ల నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. చేపలు చచ్చి తేలేది విషంతో కాదు, ఊపిరాడక. రంగుకు కారణం మెలనాయిడిన్లు. ఉల్లిపాయ వేగినప్పుడు వచ్చే ఎరుపు కూడా ఇలాంటి చర్యదే. గ్యాసు ప్లాంటులో పెట్టి బీఓడీ ఎంత తగ్గించినా ఈ రంగు పోదు. గుంటల్లో నిలవ చేస్తే నేలలోకి ఇంకి పక్క బావుల నీరు టీ రంగుకు తిరుగుతుంది. అందుకే ఇప్పుడు ఒక్క చుక్కా బయటికి వదలకూడదన్న నిబంధన ఉంది. గ్యాసు తీయడం, ప్రెస్‌మడ్‌తో కలిపి కంపోస్టు చేయడం, లేదా చిక్కగా మరిగించి బాయిలర్‌లో కాల్చేయడం, ఇవే దారులు.

ట్యాంకుల దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. పులిసే తొట్టెల్లో లీటరు ఆల్కహాల్‌కు ముప్పావు కిలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. గాలికన్నా బరువు కాబట్టి ఖాళీ చేశాకా అడుగునే ఉంటుంది. స్పెంట్ వాష్ బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందంటే గాలి బాగుందని కాదు. మీటరుతో చూడకుండా, గాలి తోలకుండా, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా మడ్డి ఎత్తడానికి ఎవరినీ దించకూడదు. ఒకరు పడిపోతే కాపాడాలని ఇంకొకరు దిగి ఇద్దరూ పోవడం ఇలాంటిచోట్ల పదే పదే జరిగే ఘోరం.

చిన్న మిగుళ్లు త్వరగా చెప్పుకుందాం. కాపులో ముందుగా వచ్చే ఆల్డిహైడ్ల భాగాన్ని హెడ్స్ అంటారు. మధ్యలో పక్కకు తీసే ఫ్యూజల్ ఆయిల్ నిజానికి నూనె కాదు, ఎమైల్ ఆల్కహాల్ వంటి బరువైన ఆల్కహాళ్ల మిశ్రమం. నాసిరకం సారాకు జర్మన్‌లో ఉన్న మాటే ఫ్యూజల్. అత్తరు, రంగుల పరిశ్రమలు దాన్ని కొంటాయి.

ధాన్యపు గింజతో చేస్తే

మొక్కజొన్న, నూకలతో నడిచే డిస్టిలరీల్లో పిప్పీ లేదు, మొలాసిసూ లేదు. కాచాక మిగిలిన ద్రవాన్ని తిప్పి వడకడితే గట్టి భాగం వెట్ కేక్, పలచటిది థిన్ స్టిలేజ్. పలచటిదాన్ని మరిగిస్తే సిరప్. కేక్‌ను, సిరప్‌ను కలిపి ఆరబెడితే డీడీజీఎస్ అనే ఎండు దాణా. స్కాట్లండ్‌లో డ్రాఫ్ అనేది మాత్రం వేరు. అది పులియబెట్టక ముందే తీసేసిన బార్లీ పొట్టు. సంగారెడ్డి వైపు బ్రూవరీల నుంచి పాడి రైతులు తెచ్చుకునేదీ ఆ జాతిదే. అందులో మూడు వంతులకు పైగా నీరుంటుంది, మన ఎండకు రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. అలవాటు లేని పశువుకు రోజుకు 2 కిలోలతో మొదలుపెట్టి పెంచాలి.

మొక్కజొన్నలో మూడింట రెండు వంతులు పిండి పదార్థం. అది ఆల్కహాల్‌గా, గ్యాసుగా వెళ్లిపోతే మిగతావన్నీ మూడింతలవుతాయి. 9 శాతం మాంసకృత్తులు 27 అవుతాయి, అందుకే కోళ్ల దాణా వ్యాపారులు డీడీజీఎస్ కోసం చూస్తారు. బూజు విషం అఫ్లటాక్సిన్ కూడా మూడింతలే. 10 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 10 వంతులు) ఉన్న మొక్కజొన్న పరీక్షలో నెగ్గుతుంది, దాని డీడీజీఎస్ 30కి చేరి పశువుల దాణాకు ఉన్న 20 పీపీబీ హద్దు దాటుతుంది. గింజ పరీక్ష కాగితం చూపిస్తే సరిపోదు, డీడీజీఎస్‌కే పరీక్ష అడగాలి. రంగు కూడా చూడాలి. లేత బంగారు రంగు మంచిది. మాడినట్టు నల్లగా ఉంటే లైసిన్ అనే అమైనో ఆమ్లం జీర్ణం కాకుండా పోయిందని అర్థం, కోడి బరువు ఎదగదు.

వ్యర్థమా, ఉపఉత్పత్తా

పత్రికల్లో వీటన్నిటినీ "వ్యర్థాలు" అంటుంటారు. ఆ మాటకు డబ్బులో విలువ కట్టవచ్చు. పిప్పి ఫ్యాక్టరీ తయారుచేసిన వస్తువా, వ్యవసాయ వ్యర్థమా అన్న ప్రశ్న ఎక్సైజ్ పన్ను కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో డీఎస్‌సీఎల్ షుగర్ కేసులో కోర్టు అది వ్యర్థమేనని, తయారీ వస్తువు కాదని చెప్పింది. మిల్లులకు అది ఊరట. ధర పంచుకునేటప్పుడు మాత్రం రైతు పక్షాన తూకం వేరు. 2012లో చక్కెర రంగంపై వేసిన రంగరాజన్ కమిటీ చక్కెర విలువకు పిప్పి, మొలాసిస్, ప్రెస్‌మడ్‌ల విలువ కలిపి అందులో 70 శాతం, లేదా ఒక్క చక్కెర ధరలోనే 75 శాతం రైతుకు దక్కాలని సూచించింది. ఒక పదార్థాన్ని ఉపఉత్పత్తి అని పేరుపెట్టి రాస్తేనే అది ఆ మొత్తంలోకి వస్తుంది. వ్యర్థం అని రాస్తే లెక్కలోంచి జారిపోతుంది. రాసేవారు ఈ తేడా పట్టించుకోవాలి.

పేరు మారితే విలువ మారడం స్పెంట్ వాష్ బూడిదలో కళ్లకు కడుతుంది. చక్కెర గింజలోకి పోని పొటాషియం మొలాసిస్‌లో ఉండిపోయింది. ఆల్కహాల్‌తోపాటు ఆవిరి కాలేదు కాబట్టి స్పెంట్ వాష్‌లోకి వచ్చింది, లీటరుకు 8 నుంచి 12 గ్రాములు. బాయిలర్‌లో కాల్చినా బూడిదలో మిగిలింది. ఒకప్పుడు గుంటలు పూడ్చిన ఆ బూడిదకు ఇప్పుడు మొలాసిస్ పొటాష్ అన్న పేరుంది, పీడీఎం అంటున్నారు. 2021 అక్టోబర్‌లో కేంద్రం దాన్ని పోషక ఆధారిత సబ్సిడీలో చేర్చింది. పొటాష్ ఎరువుకు దాదాపు పూర్తిగా దిగుమతుల మీద ఆధారపడిన దేశంలో చెరకు చేను నుంచి వెళ్లిన పొటాష్ చేనుకే తిరిగి వస్తోంది.

కొనేటప్పుడు సంచీ మీది అంకె చూడండి. పీడీఎంలో 14.5 శాతం పొటాష్ ఉంటుంది, అంటే 50 కిలోల సంచీకి 7.25 కిలోలు. మామూలు ఎర్ర పొటాష్ సంచీలో 60 శాతం, అంటే 30 కిలోలు. ఎర్ర పొటాష్ ఒక సంచీ వేసేచోట పీడీఎం నాలుగు సంచీలు పడుతుంది. నాలుగు సంచీల ధర, మోత కూలి కలిపి ఒక సంచీ ధరకన్నా తక్కువైతేనే దాన్ని తీసుకోవడం లాభం.